పిండి మిషన్‌కి పోకుండా గ్లూటెన్ ఫ్రీ కేక్, బ్రెడ్: సీమ వాళ్లు ఎలా చేస్తున్నారు?

పాతూరు_అమ్మ | అనంతపురం

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా పాప పుట్టినరోజు. ఈ మధ్యే తనకి సీలియాక్ అని తేలింది, అంటే గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. రక్తపరీక్ష, ఎండోస్కోపీ రెండూ అయ్యాయి కాబట్టి అసలు ఉందా లేదా అన్న చర్చ ఇక్కడ వద్దు. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ అన్నీ ఇంట్లోంచి పంపించేశాం. రోజూ తినేదానికి ఇబ్బంది లేదు. అన్నం, సంగటి, జొన్నరొట్టె, దోశ, ఉగ్గాని ఉన్న ఊళ్లో పుట్టడం ఈ ఒక్క విషయంలో కలిసొచ్చింది. చిక్కంతా కేక్ దగ్గర, స్కూల్ బాక్సులో పెట్టే బ్రెడ్ దగ్గర.

పుట్టినరోజుకి వచ్చేవాళ్ల సంగతి కూడా చెప్తాను. మా అత్తకి షుగర్. మా చెల్లెలి కొడుక్కి పాలు పడవు, శెనక్కాయలు అసలే తగలకూడదు. ఆడపడుచు వాళ్లు గుడ్డు ముట్టరు. అందరూ తినేలా ఒకే కేక్ చేయొచ్చా? ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది, గ్రాముల్లో తూచే కాటా కొన్నాను. కొర్రలు, బియ్యం మా వీధి చివర మిషన్‌లో పట్టించుకొస్తున్నాను.

చాట_జల్లెడ | కర్నూలు

అక్కా, కేక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మిషన్‌కి పోవడం ఆపండి.

ఈసారి అటువైపు పోయినప్పుడు కాసేపు నిలబడి చూడండి. గోధుమలు తెచ్చినాయన డబ్బా పక్కకి జరగ్గానే మన కొర్రలు పైన తొట్టిలో పోస్తారు. మధ్యలో రాళ్లు విప్పి తుడిచేవాళ్లు ఎవరూ ఉండరు. పిండి దిగే గొట్టానికి గుడ్డ కట్టి ఉంటుంది కదా, మిషన్ ఆయన దాన్ని చేత్తో రెండు దెబ్బలు తడతాడు. అప్పుడు రాలేది మన పిండి ఒక్కటే కాదు, పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరిదీ. మామూలు ఇళ్లలో దీన్ని పట్టించుకోవాల్సిన పనిలేదు. మీ ఇంట్లో ఉంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. గోధుమపిండిలో సుమారు పదో వంతు గ్లూటెన్ ఉంటుంది అనుకుంటే, కిలో కొర్రపిండిలో చిటికెడు గోధుమపిండి కలిసినా ఆ హద్దు దగ్గరికి వచ్చేసినట్టే.

పొద్దున్నే మొదటి గిరాకీగా పోతే సరిపోతుందని కొందరు చెప్తారు. నిన్న రాత్రి రాళ్ల మధ్య మిగిలిన పిండి ఎక్కడికి పోతుంది మరి?

పాతూరు_అమ్మ | అనంతపురం

అమ్మో. సరే, ఆపేస్తాను. కానీ మిక్సీలో కొర్రలు మెత్తగా కావు కదండీ. చేతికి గరగర తగులుతూనే ఉంటాయి. ఆ పిండితో కేక్ చేస్తే తినగలమా?

చాట_జల్లెడ | కర్నూలు

పొడిగా పడితే గరగరే. నానబెట్టి రుబ్బండి. ఇడ్లీకి, దోశకి, అరిసెలకి మన ఇళ్లలో ఎప్పటినుంచో చేస్తున్న పనే. గ్లూటెన్ ఫ్రీ బేకింగ్ అనగానే అందరూ ప్యాకెట్ పిండి, గమ్ పౌడర్ ఆన్‌లైన్‌లో వెతుకుతారు గానీ, తడిపిండి చేయడం తెలిసిన ఇంట్లో సగం పని అప్పటికే అయినట్టు.

నేను చేసే పద్ధతి చెప్తాను. కొర్రలు, బియ్యం చాటలో పోసి గింజ గింజా చూసి ఏరతాను. తెల్లటి పళ్లెంలో పలచగా పరిచి చూస్తే ఇంకా సులువు, గోధుమ గింజ పొడుగ్గా, మధ్యలో గాడితో వెంటనే కనిపిస్తుంది. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కొట్లో గోధుమల బస్తా పక్కనే తెరిచి పెట్టిన బస్తాలోంచి తెచ్చిన గింజల మీద పిండి దుమ్ము ఉంటుంది, అది పోవాలి. బియ్యం నాలుగు గంటలు, కొర్రలు రాత్రంతా నానాలి. వాటిని వడేసి, కేక్‌లో పోసే కొబ్బరిపాలు, చక్కెర, నూనెతోనే కలిపి మిక్సీలో వేస్తాను. విడిగా నీళ్లు పోయను. చక్కెర కరిగాక పిండి పల్చబడుతుంది కాబట్టి మొదట తిరగడం లేదని నీళ్లు గుమ్మరించకండి.

రెండు వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలకూడదు. తగిలితే మళ్లీ తిప్పండి. జార్ వేడెక్కితే ఆపి, ఆరాక తిప్పండి.

ఇంకొకటి. ఇన్నాళ్లూ గోధుమపిండి జల్లించిన జల్లెడ పాపకి వాడకండి. ఎంత కడిగినా దాని కన్నాల్లోంచి పిండి పోదు. చపాతీ పీట, కర్ర కూడా అంతే. కొత్తవి కొని గుర్తుకి ఎర్ర దారం కట్టండి.

పాతకాలపు_సంగటి | పులివెందుల

మా కాలంలో ఈ జబ్బులు వినలేదమ్మా. సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తిన్నాం, రాళ్లు కూడా అరిగించుకున్నాం. గోధుమ అనేది అందరికీ చెడ్డదే. అందరూ మానేస్తే షుగరూ పోతుంది, బరువూ తగ్గుతుంది. పిల్లకి ఒక్కదానికే ఎందుకు, ఇంటిల్లిపాదీ మానేయండి.

ల్యాబ్_కోటు | కడప

పెద్దాయనా, సంగటి మీద మీ ప్రేమని కాదనను. కానీ జబ్బు లేకపోవడం వేరు, దాన్ని జబ్బుగా గుర్తించకపోవడం వేరు. కడుపు ఉబ్బి, విరేచనాలతో ఎండిపోయిన పిల్లలు అప్పుడూ ఉన్నారు. కారణం తెలియలేదు, అంతే. గోధుమకీ దీనికీ ఉన్న సంబంధం హాలండ్‌లో పిల్లల డాక్టర్ విలెం డికె గట్టిగా పట్టుకున్నాడు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టె దొరకలేదు. ఊరంతా పస్తులుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్లీ రొట్టె దొరకడం మొదలవగానే వాళ్లకి మళ్లీ తిరగబెట్టింది. ఆయనకి అనుమానం అంతకు ముందే ఉంది, కరవు దాన్ని ఖాయం చేసింది.

షుగర్ పోతుందనే మాట మాత్రం దయచేసి ఇక్కడ రాయొద్దు. గ్లూటెన్ లేనంత మాత్రాన చక్కెర తగ్గదు.

చదివే మిగతావాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఇంట్లో ఎవరికైనా సీలియాక్ అనుమానం ఉంటే, పరీక్షకి ముందే గోధుమ మానేయకండి. టీటీజీ ఐజీఏ అని రక్తపరీక్ష చేస్తారు, దాంతోపాటు మొత్తం ఐజీఏ కూడా చూస్తారు. గోధుమ తింటూ ఉంటేనే ఆ పరీక్షలో తేడా పట్టుబడుతుంది. మానేసి కొన్నాళ్లయ్యాక వస్తే రిపోర్ట్ బాగానే వస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది. "మానేశాక బాగుంది సార్, ఇప్పుడు పరీక్ష చేయండి" అంటూ వచ్చేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గోధుమ అలర్జీ ఇంకో సంగతి. అందులో గోధుమ తగిలిన కాసేపటికే దద్దుర్లు, వాపు, ఊపిరాడకపోవడం రావొచ్చు. సీలియాక్‌లో పేగు లోపలి పొర నెమ్మదిగా దెబ్బతింటుంది. రెండిటికీ డాక్టర్ చెప్పే జాగ్రత్తలు ఒకటి కావు.

పాతకాలపు_సంగటి | పులివెందుల

సరే నాయనా, చదువుకున్నోడివి. సంగటి మాత్రం వదలను.

ఓటీజీ_రాణి | కడప

పాతూరు అక్కా, మీ అసలు ప్రశ్నకి వస్తాను. ఒకే కేక్‌తో అందరినీ తృప్తిపరచాలని చూడకండి. గ్లూటెన్, పాలు, గుడ్డు, శెనక్కాయ లేకుండా కేక్ చేయొచ్చు, బాగానే వస్తుంది. దాంట్లోంచి చక్కెర కూడా తీసేస్తే మిగిలేది ఇటుక. చక్కెర తీపి కోసమే కాదు, కేక్‌కి తడి, మెత్తదనం దానివల్లే. కాబట్టి పాప కేక్‌ని పాప కేక్‌లాగే చేయండి. మీ అత్తకి విడిగా ఒక కారం మఫిన్ చేసి పెట్టండి.

నా కొలత ఆరు అంగుళాల గుండ్రటి టిన్‌కి. కొర్రలు 100 గ్రాములు, సోనా మసూరి 100 గ్రాములు, సగ్గుబియ్యం 40 గ్రాములు, మూడూ నానబెట్టే ముందు తూచినవి. సగ్గుబియ్యం చివరి గంటలో వేస్తే చాలు. జల్లిగంటెలో పదినిమిషాలు వడకట్టాలి. మిక్సీలో 80 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు, 80 మిల్లీలీటర్ల సన్‌ఫ్లవర్ నూనె, 140 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పుతో మెత్తగా రుబ్బండి. బాగా పండిన అరటిపండు ఒకటి వేసి మళ్లీ తిప్పండి. గిన్నెలోకి తీసి ఒక చెంచా ఇసబ్‌గోల్ చల్లి కలిపి 20 నిమిషాలు వదిలేయండి. మెడికల్ షాపులో దొరికే ఉత్త పొట్టే తీసుకోండి, ఆరెంజ్ వాసన కలిపినది వద్దు. గోధుమలో గ్లూటెన్ చేసే పని, అంటే గాలి బుడగల్ని పట్టి ఉంచే పని, ఇక్కడ ఆ జిగురు చేస్తుంది.

బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చెంచా, సోడా పావు చెంచా, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, ఇవి టిన్‌లో పోసే ముందే కలపాలి. ముందే కలిపి పిండిని నాననిస్తే పొంగంతా గిన్నెలోనే అయిపోతుంది. పిండి దోశపిండి కంటే చిక్కగా, గారెల పిండి కంటే జారుగా ఉండాలి. 170 డిగ్రీలు, 45 నుంచి 50 నిమిషాలు.

కోకో కలపాలంటే రెండు టేబుల్ స్పూన్లు వేసి, ఒక చెంచా కొబ్బరిపాలు ఎక్కువ పోయండి. కోకో కేకే మేలు. కొర్రల రంగు తెలియదు, పిల్లలు ప్రశ్నలు వేయరు.

గుడ్డు తినే ఇళ్లలో అరటిపండు, ఇసబ్‌గోల్ మానేసి రెండు గుడ్లు వేసి కొబ్బరిపాలు 50 మిల్లీలీటర్లకి తగ్గించండి. ఇంకా గుల్లగా వస్తుంది.

బుడ్డలమూట | ఆదోని

సన్‌ఫ్లవర్ నూనె అని రాణి రాసింది ఊరికే కాదు. అనంతపురంలో ఏ ఇంట్లో చూసినా శెనక్కాయ నూనే. శెనక్కాయలు పడని పిల్లాడికి గానుగ నూనె మరీ ప్రమాదం. గానుగలో తీసిన నూనెలో గింజలోని ప్రోటీన్ కొంత మిగులుతుంది, అలర్జీ వచ్చేది దానికే. బాగా రిఫైన్ చేసిన నూనెలో అది దాదాపు పోతుంది గానీ, ఇంటికొచ్చిన పిల్లాడి మీద ఆ ప్రయోగం ఎవరు చేస్తారు?

కేక్ టిన్‌కి రాసే నూనె, బూరెలు వేయించిన మూకుడు, పప్పుల పొడి దంచిన రోలు, కారప్పొడి మిక్సీ జార్, అన్నీ చూసుకోండి. మా ఇంట్లో పప్పుల పొడి చేసిన జార్‌లో శెనక్కాయ చట్నీ, మళ్లీ అందులోనే పాయసానికి జీడిపప్పు. సీమ వంటింట్లో శెనక్కాయ తగలని పాత్ర వెతికితే దొరకదు. కేక్‌కి ఒక జార్ కొత్తది కొనడమే తేలిక. మీ చెల్లెల్ని బాదం, జీడిపప్పు సంగతి కూడా అడగండి, కొందరికి అవి కూడా పడవు.

పాతూరు_అమ్మ | అనంతపురం

అడిగాను. జీడిపప్పు తింటాడట, బాదం పెట్టి చూడలేదట. రెండూ వేయను. కొత్త జార్ తెచ్చుకుంటాను. ఆడపడుచు వాళ్లు మామూలు మైదా కేక్ కూడా ఒకటి బేకరీ నుంచి తెస్తామంటున్నారు, "మిగతా పిల్లల కోసం". ఏం చెప్పాలి?

ఓటీజీ_రాణి | కడప

వద్దని చెప్పండి. రెండు కేకులు, ఒకే కత్తి, చేతులు తుడుచుకోని పిల్లలు. మైదా కేక్ ముక్కలు ఎక్కడెక్కడ రాలతాయో మీకు తెలుసు. పాప పుట్టినరోజు నాడు పాప తినలేని కేక్ ఇంట్లోకి రావాల్సిన పనేముంది?

తుంగభద్ర_గట్టు | కర్నూలు

నేను రాణి మాటతో పూర్తిగా ఏకీభవించను. బంధువులు తెస్తామంటే పూర్తిగా కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు. వాళ్లని ఐస్‌క్రీమ్‌నో పళ్లనో తెమ్మనండి. ఐస్‌క్రీమ్ తెచ్చేట్టయితే వేఫర్ కోన్ వద్దని, బిస్కెట్ ముక్కలు కలిపిన రకం వద్దని చెప్పండి. పాలు పడని అబ్బాయికి పుచ్చకాయ ముక్కలు. ఎవరూ నొచ్చుకోరు.

షుగర్_మామ | ప్రొద్దుటూరు

మీ అత్తగారి కోసం రాస్తున్నా. నాకూ షుగరే. కొర్రలు, సామలు తింటే షుగర్ రాదని ఊళ్లో ఒకటే ప్రచారం. పాలిష్ పట్టని కొర్రన్నం మితంగా తింటే తెల్లన్నం కంటే మేలే. మెత్తగా రుబ్బి, సగ్గుబియ్యం కలిపి, చక్కెర వేసి కేక్ చేస్తే అది కేకే. సగ్గుబియ్యం, ఆలుగడ్డ పిండి, బియ్యప్పిండి, ఇవన్నీ గ్లూటెన్ లేనివే, రక్తంలో చక్కెరని గబుక్కున పెంచేవే. బెల్లం వేస్తే పర్వాలేదనేది ఇంకో అపోహ.

కారం మఫిన్ నేను చేసుకుంటాను, చెప్తాను వినండి. శనగపప్పు 150 గ్రాములు మూడు నాలుగు గంటలు నానబెట్టి, పెరుగు 100 గ్రాములు వేసి కాస్త బరకగా రుబ్బాలి. కొట్లో దొరికే శనగపిండి వద్దు, అది కూడా ఏ మిషన్‌లో ఆడిందో తెలియదు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, గుప్పెడు మునగాకు, పచ్చిమిర్చి, జీలకర్ర, రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఉప్పు. ఒక చెంచా బేకింగ్ పౌడర్ చివర్లో. 180 డిగ్రీలకి 20 నుంచి 25 నిమిషాలు. మా కడప జిల్లా వాళ్లం కదా, పైన ఎర్రకారం పూయకపోతే ముద్ద దిగదు. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌లో చూసుకోమనండి, ఎంత పడుతుందో అదే చెప్తుంది.

చాట_జల్లెడ | కర్నూలు

మామా, రెసిపీ బాగుంది. అందులో ఇంగువ రాయలేదు, అదే మంచిదయింది. కొట్లో దొరికే ఇంగువ పొడి చాలావరకు ఉత్త ఇంగువ కాదు, బంకకి మైదానో బియ్యప్పిండో కలిపి పొడి చేస్తారు. ప్యాకెట్ వెనక గోధుమపిండి అని ఉంటుంది, ఎవరూ చదవరు. ఇంట్లో అందరూ గోధుమ మానేసి, పులిహోరలో మాత్రం చిటికెడు వేస్తూనే ఉంటారు.

నిర్వాహకులు

ఇంగువ మాట వచ్చింది కాబట్టి ఈ వేదికలో ఇదివరకు వచ్చిన ఇలాంటి సంగతులు ఇక్కడ చేరుస్తున్నాం. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ, చాలాసార్లు గోధుమ కూడా ఉంటాయి. ప్యాకెట్ రాగి మాల్ట్ మిక్స్‌లో ఇంకేం కలిపారో చదవండి. బేకింగ్ పౌడర్‌లో వాడే పిండి సాధారణంగా మొక్కజొన్నదే, అయినా లేబుల్ చూడండి. ఐసింగ్ షుగర్ కొనడం కంటే చక్కెర మిక్సీలో పొడి చేసుకోవడం మేలు. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా ఫ్యాక్టరీలో గోధుమతో కలుస్తుంది, కొందరికి శుద్ధమైన ఓట్స్ కూడా పడవు. డాక్టర్ చెప్పేదాకా పాపకి పెట్టకండి. మందుల పేర్లు, డాక్టర్ల పేర్లు, ఆసుపత్రుల మీద ఫిర్యాదులు ఈ థ్రెడ్‌లో వద్దు.

కొర్రకంకి | నంద్యాల

మాది కర్నూలు జిల్లానే, 2022లో నంద్యాల జిల్లా అయ్యింది, సీమ వాడినే కాబట్టి మాట్లాడనివ్వండి. పొలంలో కొర్ర వేస్తాం. నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సూర్యనంది రకం మా వైపు చాలామంది వేశారు. మన పొలాల్లో గోధుమ పెద్దగా ఉండదు, కాబట్టి చేలోంచి వచ్చిన కొర్రల్లో గోధుమ కలిసే అవకాశం తక్కువ. కలిసేదంతా ఆ తర్వాతే, పొట్టు తీసే మిల్లులో, కొట్లో, పిండి మిషన్‌లో.

తెలిసిన రైతు దగ్గర పొట్టు తీయని కొర్రలు కొని, మీ మిక్సీలోనే పొట్టు తీయొచ్చు. కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పి, చాటలో చెరగాలి. ఓపిక కావాలి గానీ కేక్‌కి కావాల్సింది 100 గ్రాములే కదా. చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ వాళ్లు చిరుధాన్యాల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు, అనంతపురం వాళ్లకి అది దగ్గరే. ఎక్కడ కొన్నా ఏరి కడగడం మాత్రం తప్పదు.

బ్రెడ్_పిచ్చి | గుంతకల్

కేక్ అయిపోయింది, బ్రెడ్ ఎవరూ ముట్టుకోలేదు. స్కూల్ బాక్స్ అసలు సమస్య అదే కదా.

నేను నానబెట్టిన బియ్యంతో బ్రెడ్ చేస్తాను, పిండి అన్నదే లేదు. జపాన్‌లో ఇంటి దగ్గర ఈ పద్ధతి చాలామంది చేస్తారు. 200 గ్రాముల పచ్చి బియ్యం కడిగి, రెండు మూడు గంటలు నానబెట్టి, బాగా వడేస్తే సుమారు 260 గ్రాములు తూగుతుంది. అంతకంటే ఎక్కువ తూగితే నీళ్లు పూర్తిగా పోలేదన్నమాట. దాంట్లో గోరువెచ్చని నీళ్లు 75 మిల్లీలీటర్లు, నూనె 25 గ్రాములు, చక్కెర 10 గ్రాములు, ఉప్పు 3 గ్రాములు. మిక్సీలో అర నిమిషం తిప్పి, ఆపి, గోడలకి అంటింది తోసి, మళ్లీ తిప్పాలి. చివర్లో ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు వేసి ఒక్కసారి తిప్పి, చిన్న బ్రెడ్ టిన్‌లో పోసేయండి. చేతితో పిసికే పని లేదు.

ఈస్ట్ వేసేముందు జార్ బయట చేయి పెట్టి చూడండి. చేయి చురుక్కుమంటే ఆగండి. ఎక్కువసేపు తిప్పితే జార్‌లో పిండి 50 డిగ్రీలు దాటుతుంది, ఈస్ట్ చచ్చిపోతుంది.

సోనా మసూరి పచ్చి బియ్యం బాగుంటుంది. ఉప్పుడు బియ్యంతో చేస్తే జిగురుగా వచ్చింది, నాకు నచ్చలేదు.

మధ్యలో_పల్లం | హిందూపురం

గుంతకల్ అన్నా, మీ పద్ధతే చేస్తున్నాను. ఓవెన్‌లో పెట్టేటప్పుడు టిన్ అంచుదాకా నిండుగా ఉంటుంది. తీసేసరికి మధ్యలో గుంట. కోస్తే అడుగున అంగుళం మందాన మైనం. రెండుసార్లు చేసినా ఒక్క తీరే. ఓవెన్ లోపమా?

బ్రెడ్_పిచ్చి | గుంతకల్

టిన్ అంచుదాకా నిండిందంటేనే అర్థమైంది. ఎక్కువ పొంగించారు. గోధుమ పిండిలో సాగే గుణం ఉంటుంది, రెండింతలు పొంగినా గోడలు నిలబడతాయి. ఇందులో ఆ గోడలు బియ్యపు గంజితో కట్టినవే. పోసిన ఎత్తుకి ఒకటిన్నర రెట్లు రాగానే ఓవెన్‌లో పెట్టేయాలి. టిన్ పక్కన పెన్నుతో గీత పెట్టుకోండి.

పుస్తకాల్లో పొంగడానికి 40 నిమిషాలు అని రాస్తారు, అది చల్లటి ఊళ్ల లెక్క. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 20 నిమిషాలకే గీత దాటుతుంది. అందుకే ఓవెన్‌ని ముందే వేడి చేసి సిద్ధంగా ఉంచండి. పిండి సిద్ధమయ్యాక ఓవెన్ వేడి కావడానికి చూస్తూ కూర్చుంటే ఆ సమయంలోనే పని చెడిపోతుంది. వేసవిలో నేను గోరువెచ్చని నీళ్లు కూడా వాడను, కుండలో నీళ్లే పోస్తాను.

ఇంకొకటి, అడుగున మైనం అన్నారు. పుల్ల గుచ్చితే శుభ్రంగా వచ్చినా లోపల ఉడికుండదు. గుచ్చే థర్మామీటర్ దొరికితే కొనండి, మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు చూపించాలి. బయటికి తీశాక టిన్‌లోంచి విప్పి జాలీ మీద పెట్టి, పూర్తిగా చల్లారాకే కోయండి. వేడిగా కోస్తే ఏ గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ అయినా మైనమే.

ల్యాబ్_కోటు | కడప

పిండికి జిగురునిచ్చే జాంతన్ గమ్ పొడి గురించి ఎవరూ మాట్లాడలేదే?

ఓటీజీ_రాణి | కడప

కేక్‌కి కప్పు పిండికి పావు చెంచా, బ్రెడ్‌కి అర చెంచా నుంచి చెంచా వేస్తారు. బాగానే పనిచేస్తుంది. కొందరి కడుపులో గ్యాస్ వస్తుంది, పేగు ఇంకా మానుతున్న పిల్లకి ఇసబ్‌గోల్‌తో మొదలుపెట్టడమే నాకు నచ్చింది. అదీ కొంచెమే. కడపలో ఇసబ్‌గోల్ ఏ మూల మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, గమ్ కోసం ఆన్‌లైన్‌లో ఎదురుచూడాలి. మినప్పప్పు కూడా జిగురే, ఇడ్లీ పొంగేది దానివల్లే. బ్రెడ్‌లో రెండు చెంచాల రుబ్బిన మినప్పప్పు వేస్తే గుల్ల పెరుగుతుంది. అంతకు మించితే బ్రెడ్‌కి గారె వాసన వస్తుంది, ముందే చెప్తున్నాను.

గుగ్గిళ్ల_నీళ్లు | ధర్మవరం

గుడ్డు తినని వాళ్లకి ఇంకో దారి. తెల్ల శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు ఒక గుడ్డుకి సమానం. బీటర్‌తో కొడితే గుడ్డు తెల్లసొన మాదిరే నురగ వస్తుంది. బిస్కెట్లకైతే అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూన్, నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు కలిపి పది నిమిషాలు ఉంచితే చాలు. అవిసె పొడి ఇంట్లో పట్టిందే వాడండి.

కుక్కర్_కేక్ | రాజంపేట

ఓటీజీ లేదు. కుక్కర్‌లో అవుతుందా?

తుంగభద్ర_గట్టు | కర్నూలు

కేక్ అవుతుంది. గ్యాస్కెట్, విజిల్ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. అడుగున రాళ్ల ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు సన్న మంట మీద వేడి చేసి టిన్ పెట్టండి. ఓటీజీ కంటే పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. పైన రంగు రాదు. బ్రెడ్‌కి మాత్రం కుక్కర్ నాకు నచ్చదు, మూత మీద చేరిన తడి పైన కారుతుంది.

పాతూరు_అమ్మ | అనంతపురం

అందరికీ చాలా థాంక్స్. పుట్టినరోజు బాగా జరిగింది. రాణి గారి కోకో కేక్ రెండు టిన్‌లలో చేసి ఒకదాని మీద ఒకటి పేర్చాను. మధ్యలో కొబ్బరిపాలు, కోకో, చక్కెర కలిపి చిక్కబెట్టిన పూత. మా చెల్లెలి కొడుకు ఒక ముక్క తిని ఇంకోటి అడిగాడు. వాడికి పుట్టినరోజుల్లో కేక్ తినడం అలవాటు లేదట, ఎప్పుడూ అరటిపండు ఇచ్చి పక్కన కూర్చోబెట్టేవాళ్లట.

అత్త కారం మఫిన్ మీద ఎర్రకారం పూసుకుని తిన్నారు. "కేక్ అనకండమ్మా, ఇది కాల్చిన వడ" అన్నారు. ఆడపడుచు వాళ్లు పుచ్చకాయలు తెచ్చారు, తుంగభద్ర అన్న గారి ఉపాయమే.

ఇప్పుడు బ్రెడ్ ఒకసారి చేస్తే వారమంతా వాడొచ్చా? మరుసటి రోజుకే గట్టిపడుతోంది.

బ్రెడ్_పిచ్చి | గుంతకల్

గట్టిపడుతుంది, బియ్యం గుణమే అంత. చల్లటి అన్నం బిరుసెక్కడానికి కారణం ఏదో ఇదీ అదే. ఫ్రిజ్ కింది అరలో పెడితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. చేసిన రోజే పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య బటర్ పేపర్ పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పడేయండి. పొద్దున కావాల్సిన రెండు ముక్కలు తీసి నేరుగా పెనం మీద కొంచెం నెయ్యితో కాల్చండి. పెనం పాపదే వాడండి, చపాతీ పెనం కాదు. ఇంట్లో గోధుమ బ్రెడ్ కాల్చిన టోస్టర్ ఉంటే దాని జోలికి పోవద్దు, లోపల రాలిన పొడి ఎప్పటికీ పోదు. బాక్సులో పెట్టేటప్పుడు ముక్కలు చల్లారాక మూత పెట్టండి, లేకపోతే ఇంటర్వెల్‌కి తడిసి ముద్దవుతాయి.

మధ్యలో_పల్లం | హిందూపురం

గీత పెట్టి చేశాను అన్నా. పల్లం రాలేదు. మీ టిన్ కొలత ఎంత?

బ్రెడ్_పిచ్చి | గుంతకల్

పొడవు 18 సెంటీమీటర్లు, వెడల్పు 8, లోతు 6. పెద్ద టిన్ అయితే బియ్యం పెంచండి, సగం కంటే కొంచెం ఎక్కువ నిండేలా పోయండి.